లిప్‌స్టిక్ రాసిన కత్తి

గంటకు ఇంతని ఇస్తారు, కత్తి పట్టుకున్నందుకు.
రబ్బరు కత్తే.
అంచు పొడవునా లిప్‌స్టిక్ రాస్తాను,
బూడో ఊళ్లో సగం ధరకి పడేసిన ముదురెరుపు.
తగిలిన చోటల్లా గీత పడుతుంది.
ఆట అయ్యాక ఎవరి గీతలు వాళ్లే లెక్కపెట్టుకోవాలి.

ముప్పై రెండేళ్లు ఓడలో వంట చేశాను.
ఇప్పుడు మంగళ, గురువారాలు
పోలీసు బడి పాత జిమ్‌లో
మతి చెదిరిన మనిషిని.
కిటికీ అవతల నవంబరు,
మధ్యాహ్నం మూడింటికే దీపాలు.

ఐలర్ట్ మాస్టారు ఎక్కువ మాట్లాడడు.
"మొహం అబద్ధమాడుతుంది. చేతులు చూడండి.
తుపాకి కారులో, తాళంలో ఉంది.
పైనుంచి మాట వచ్చేదాకా
మీకున్నవి నోరూ, కాళ్లూ, తలుపూ.
ఆరు మీటర్లు దూరమనుకుంటున్నారా?
రెప్ప వేసి తెరిచేసరికి
గున్వోర్ మీ మెడ దగ్గరుంటుంది."
అందరూ నన్ను చూసి నవ్వుతారు.
అరవై రెండేళ్లదాన్ని, మోకాళ్లు అరిగినదాన్ని.

సిగ్‌బ్యోర్న్ ఎద్దులాంటి కుర్రాడు.
గుమ్మంలోంచి సూటిగా వచ్చాడు.
తొమ్మిది గీతలు.
చొక్కా విప్పి అద్దంలో చూసుకుంటూ తనే నవ్వాడు.
మాస్టారు నవ్వలేదు.
"నాలుగోది చూశావా, చంక కింద?
తక్కిన అయిదూ నీకు తెలిసేవి కావు."

నాకిచ్చిన చీటీలో రెండే ముక్కలు:
మగవాడు, నలభై. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు.
ఒక కాలికే మేజోడు, అది నేను కలిపింది.
పొయ్యి తలుపు తీస్తూ, మూస్తూ ఉండడం నేను కలిపింది.
"చేప ఇంకా కళ్లు మూయలేదు" అని గొణగడం, అదీ నాదే.
ఎక్కడివమ్మా ఇవన్నీ అని ఎవరూ అడగలేదు.

మా తమ్ముడు ఊడ్వార్.
ఒక మార్చి నెల, మా వంటిల్లు.
ఫోను చేసింది నేనే.
వచ్చిన ఇద్దరిలో చిన్నవాడు
దయతోనే దగ్గరికొచ్చాడు,
భుజం మీద చెయ్యి వేయబోయాడు.
తొడలో దిగింది.
తమ్ముడు ఆసుపత్రి కిటికీ పక్కనే ముసలివాడయ్యాడు.
ఆ పోలీసు ఎన్నో ఏళ్ల తర్వాత
మా ఓడ ఎక్కాడు, కొంచెం కుంటుతూ.
చేపల పులుసు పోశాను, డబ్బులు తీసుకోలేదు.
నన్ను గుర్తుపట్టలేదు.
గిన్నె అడుగుదాకా తిన్నాడు.

ఆఖరున మారెత్.
కారాషోక్ పిల్ల, సన్నగా, కళ్లద్దాలు.
గుమ్మం దాటలేదు.
తోటివాణ్ణి చొక్కా పట్టి వెనక్కి లాగింది,
కుర్చీని కాలితో మా మధ్యకి తోసింది,
తలుపు రెక్క మీద చెయ్యి ఉంచి
నా చేతుల్నే చూస్తూ అడిగింది:
"ఆ కాలికి చలెయ్యడం లేదా?"

ఆ మాటకి చీటీలో జవాబు లేదు.
నా దగ్గరా లేదు.
పొయ్యి తలుపు సగంలో ఆగిపోయింది.
ఆ రోజు ఎవరైనా...
ఏమో.

అయినా దూకాను.
డబ్బు తీసుకుంటున్నాను కదా.
ఆమె తలుపు వేసేసింది, దాదాపు.
సందులోంచి కత్తి మొన ఒక్కసారి పాకింది.

"ఒక్కటి," అన్నాడు మాస్టారు.
కాసేపాగి, "ఒక్కటి చాలు."
మెచ్చుకోలో హెచ్చరికో
ఆ గొంతులో తెలియలేదు.

రెయిన్‌డీర్ల దగ్గర నేర్చుకున్నావా, అంది ఎవరో.
"మా నాన్న పళ్ల డాక్టరు," అంది మారెత్.

కుళాయి దగ్గర రుద్దుకుంటోంది,
సబ్బుకి లొంగే రంగు కాదది.
మెడంతా కందిపోయింది.
ఆగు పిల్లా, అన్నాను.
క్యాంటీన్‌లోంచి వంటనూనె తెచ్చి
రెండు చుక్కలు వేలికి తీసుకుని రాశాను.
గీత కరిగి, పల్చబడి, పోయింది.
నా బొటనవేలి కింద
నాడి ఇంకా పరిగెడుతూనే ఉంది.
నూనె తుడిచేశాక కూడా
వేలు అక్కడే ఉంచాను,
అది నెమ్మదించేదాకా.